నూట యాభై అయిదు మిల్లీమీటర్లు

మోంటెవిడియోలో జనవరి అంటే నడి ఎండాకాలం.
రేవు మీంచి బయల్దేరిన గాలి
మా నాలుగో అంతస్తు దాకా ఎక్కలేక
మెట్ల మీదే కూలబడుతుంది.

పొద్దున్న ఆరుంపావుకి వస్తాడు విల్మర్
రాత్రంతా బస్సు తోలి.
చొక్కా కుర్చీకి తగిలించి మంచమ్మీద పడతాడు.
మంచానికీ నా బల్లకీ మధ్య రెండు మూరలు.
సరిగ్గా అప్పుడే నేను
చెవులకి హెడ్‌ఫోన్లు తొడుక్కుని
కోర్టు సాక్షుల మాటలు టైపు చెయ్యడం మొదలెడతాను.
ఎవరి గోడ ఎవరు కూల్చారో
ఎవరి కుక్క ఎవర్ని కరిచిందో
తడబాట్లతో సహా, దగ్గులతో సహా.
వినపడని చోట "అస్పష్టం" అని రాయాలి.
అది రూలు.

మూడేళ్లు.
నా కంప్యూటరు అరుస్తోందని నాకు తెలీదు.
చెవులు మూసుకున్నది నేను కదా.
మొన్న తలగడ గలీబు మారుస్తుంటే
దూది ఉండలు రెండు రాలాయి
మైనం పూసి, అతని చెవి ఆకారంలో నొక్కుకుపోయి.
అడిగాను.
"ఇంజిను మీద కూర్చునేవాడికి ఇదో లెక్కా, నీబియా"
అని అటు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు హెడ్‌ఫోన్లు తీసి విన్నాను.
జోరీగ కాదు. జోరీగయితే కాసేపు ఎక్కడో వాలుతుంది.
ఇది ఎక్కుతూ దిగుతూ
పెద్ద ఫైలు తెరిచినప్పుడల్లా గొంతు పెంచుతూ
గుమ్మంలో నిలబడ్డ బాకీ వసూలువాడిలా.

కొట్లో లౌతారో అనే కుర్రాడు
నీళ్లతో చల్లబరిచేది చూపించాడు,
రంగులు మారే దీపాలు, పెళ్లి ఊరేగింపంత హంగు.
ఆరువేల ఎనిమిదొందల పెసోలు.
"ఫ్యాన్లు మెల్లగా తిరుగుతాయమ్మా, చప్పుడే ఉండదు"
"మరి నీళ్లని తిప్పేదెవరు?"
"పంపు... అంటే... చిన్న పంపు..."
ఆ చుక్కలన్నీ నేను రాయగలను.
నా వృత్తే అది.

కింది అరలో, దుమ్ములో,
దీపాల్లేనిదొకటి ఉంది.
బూడిద రంగు రేకుల దొంతర, నాలుగు రాగి గొట్టాలు,
అరచేతికంటే వెడల్పు ఫ్యాను.
పదహారొందలు.
పెద్ద టైరు నెమ్మదిగా దొర్లినా అదే దూరం పోతుందని
విల్మర్ ఎప్పుడూ అనేదే.
ఎత్తు నూట యాభై అయిదు అని అట్టపెట్టె మీద ఉంది.
ఇంటికొచ్చి కుట్టుపని టేపుతో కొలిచాను:
లోపల నూట అరవై.
ఒక బియ్యపు గింజ పొడవు సందు.
మర్నాడు వెళ్లి కొన్నాను.

పాత ఫ్యాను రెక్కల్లో
మాతే ఆకు పొడి, నా నెరిసిన వెంట్రుకలు,
ఏనాటిదో గోడ సున్నం.
గుడ్డతో తుడిచి, కందిగింజంత పేస్టు పెట్టి
మరలు ఐమూలగా బిగించాను,
ఒకటి బిగిసీ బిగియక గంట తిన్నది.
అరవై డిగ్రీల దాకా మెల్లగానే తిరగమని
దానికి చెప్పాను. విన్నది.

బుధవారం పొద్దున్న.
ఫైలుకీ ఫైలుకీ మధ్య హెడ్‌ఫోన్లు మెడలోకి జారాయి.
ఫ్రిజ్ గొణుగుతోంది. పైవాళ్ల కుక్క గోళ్లు గచ్చు మీద.
తర్వాత, రెండు మూరల అవతల,
నిద్రలోంచి అతని గొంతు:
"అగ్రసియాద."
కాసేపాగి, "పాసో మొలీనో."
"వెనక తలుపు... వెనక తలుపు దగ్గర ఎవరో..."
నా వేళ్లు వాటంతటవే కదిలాయి.
కూలిన గోడ కేసులో
రెండో సాక్షి వాంగ్మూలం మధ్య
పాసో మొలీనో వచ్చి ఆగింది.

ఇంకేదో అన్నాడు, గోడవైపు తిరుగుతూ.
అస్పష్టం, అని కొట్టాను.

సాయంత్రం ఆరింటికల్లా కోర్టుకి పంపాలి ఇది.
నాలుగున్నర అయింది.
ఇంకా చెరపలేదు.